పురుగులింటికి వేరే అంగీ

ఈసారి ఎరువు గురించి కాదు, గూళ్ళ ధర గురించి కాదు, పాత గుడ్డల గురించి రాస్తున్నాం. గుడ్డలకూ మన గ్రూపుకూ ఏం సంబంధం అనుకుని పక్కకు తోసేయొద్దు. ముళబాగిలు తాలూకాలో మా ఇంట్లో పోయిన ఎండాకాలం పంటలో రెండు అంతస్తుల పురుగు పోయింది ఒక అంగీ వల్ల.

నూట యాభై గుడ్ల పంట అది. చాకీ బాగా వచ్చింది, జ్వరాలన్నీ ఒకేసారి కూర్చున్నాయి, ఒకేసారి లేచాయి. నాలుగో జ్వరం లేచిన మూడో రోజు రాత్రి మేత వేసి పడుకున్నాం. తెల్లవారి లైటు వేసి చూస్తే ఎడమ పక్క స్టాండులో పై రెండు అంతస్తుల పురుగులు తల పైకెత్తి అటూ ఇటూ ఊపుతున్నాయి. నోట్లోంచి పచ్చ నీళ్ళు కక్కుతున్నాయి. కొన్ని అప్పటికే సగానికి సగం ముడుచుకుపోయాయి. వేసిన కొమ్మ వేసినట్టే ఉంది.

పాల రోగం కాదు అది. పాల రోగమైతే కణుపులు ఉబ్బి, తోలు మెరిసి, నాలుగు రోజులుగా గుర్తు కనిపించాలి. సున్నంకట్టు కాదు, సప్పె కాదు. ఒక్క రాత్రిలో ఇట్లా అయ్యేది విషం తగిలితేనే. మొదట ఆకు మీద అనుమానపడ్డాం. పక్క తోటలో టమాటకు మందు కొట్టినప్పుడు గాలికి వచ్చి మన ఆకు మీద పడేది మామూలే కదా. కానీ అదే తోటలో, అదే సాయంత్రం కోసిన ఆకే కుడి పక్క స్టాండుకూ వేశాం. అక్కడ పురుగు వాన పడినట్టు చప్పుడు చేస్తూ మేస్తా ఉంది.

అప్పుడు వదిన అడిగింది, ఎడమ పక్క మేత వేసింది ఎవరు అని. మా తమ్ముడు. వాడు పొద్దున తెలిసిన వాళ్ళ టమాట తోటలో మందు కొట్టడానికి పోయి ఉన్నాడు. ఇంటికి వచ్చి స్నానం చేశాడు, తప్పేం లేదు. అంగీ మాత్రం దండెం మీద వేసి, సాయంత్రం మళ్ళీ అదే తొడుక్కున్నాడు. కొమ్మల మోపు ఎత్తి ఎదకు ఆనించి మోసుకొచ్చి ఆ రెండు అంతస్తుల్లో పరిచాడు. కింది అంతస్తుకు, కుడి పక్కకు వదిన వేసింది. రేష్మె ఇలాఖా సారు వచ్చి చూసి, పురుగు లక్షణం విషందే, పోయిన చోటు చూస్తే ఆ అంగీ మీదే అనుమానం అన్నారు.

ఆ రెండు అంతస్తులు ఎత్తి గుంటలో వేసి, సున్నం చల్లి పూడ్చాం. పదిహేను ఇరవై కిలోల గూళ్ళు రావలసిన పురుగు. పిల్ల కాలేజీ ఫీజుకు అని లెక్క కట్టి పెట్టుకున్న డబ్బు అది. తమ్ముడు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. వాడి మీద కోపం చూపించి లాభం లేదు, ఇంట్లో ఎవరికీ ఆ ఆలోచన లేదు గదా.

మన కోలారు జిల్లాలో ఇది ఇంకా ఎక్కువ జాగ్రత్త పడాల్సిన విషయం. ఇక్కడ మల్బరీ తోట గట్టు దాటితే టమాట. ఒకే ఇంట్లో రెండూ ఉంటాయి, లేదంటే రేష్మె ఇంటివాళ్ళే టమాట కూలికి పోతారు. 2014లో మన దేశంలో మొదటిసారి కనిపించిన టూటా పురుగు టమాట మీద పడ్డాక మందు కొట్టేది ఇంకా పెరిగింది. ఒక్క మాట గుర్తు పెట్టుకోవాలి: టమాట కాయను తొలిచేది గొంగళి పురుగు జాతి. మన పట్టుపురుగూ ఆ జాతిదే. ఆ పురుగును చంపడానికి చేసిన మందుకు ఈ పురుగు మనది, దీన్ని వదిలేద్దాం అని తెలియదు. కొండంత తోటకు ట్యాంకులో కలిపేది మూతెడు మందు. అంత చిన్న మోతాదుకే పని చేసేది, అంగీ మీద ఆరిపోయిన చుక్కతో పని చేయదా?

నూలు గుడ్డ నీళ్ళను పీల్చినట్టే మందునూ పీల్చుకుంటుంది. డబ్బా మీద ఈసీ అని రాసి ఉండే నూనె జాతి మందు, నీళ్ళలో కలిపే పొడి మందుకంటే గట్టిగా అంటుకుంటుంది. పాలిస్టరు సంగతి చెప్పనక్కర లేదు, నూనె మరకను అది ఎట్లా పట్టి పెట్టుకుంటుందో మనకు తెలుసు. ఒక్క ఉతుకుతో పోదు. మందు కొట్టిన గుడ్డలు వేరే బకెట్‌లో, వేడి నీళ్ళతో, సబ్బు బాగా పెట్టి రెండు మూడు సార్లు ఉతికి ఎండలో ఆరేయాలి. నీళ్ళు కలపని అసలు మందు ఒలికిన గుడ్డను ఉతికి మళ్ళీ వాడొద్దు. ఆ ఉతికిన నీళ్ళు మల్బరీ పాదుల్లోకి వదలొద్దు.

ఇందులో మన అమ్మమ్మల గంజి పనికొస్తుంది. మందు కొట్టేటప్పుడు వేసుకునే నూలు అంగీకి ముందే గంజి పెట్టి ఆరేసి ఉంటే, మందు చాలా వరకు గంజి పొరకు అంటుకుని, ఉతికేటప్పుడు గంజితో పాటే జారిపోతుంది. ప్రతి ఉతుకు తర్వాత మళ్ళీ గంజి పెట్టాలి. ఖర్చు లేని పని.

ఎంత ఉతికినా మందు అంగీని పురుగులింట్లోకి రానీయకూడదని మా ఇంట్లో తీర్మానం చేశాం. పురుగులింటికి వేరే జత. అది వేరే దేనికీ వాడేది లేదు. 1991లో జపాను వాళ్ళ సాయంతో మైసూరులో బైవోల్టిన్ పథకం మొదలైనప్పటి నుంచీ చెప్పులు బయట వదలండి, చేతులు బ్లీచింగ్ నీళ్ళలో కడగండి అని మనకు చెప్తానే ఉన్నారు. వాకిట్లో బ్లీచింగ్‌లో తడిపిన గోనెపట్టా మీద కాలు పెట్టే లోపలికి పోతాం. కాలు కడుక్కుని, మందు అంగీతో లోపలికి పోవడం, తల మీద కుండ పగిలినా పాదం తడవలేదు అన్నట్టుంది.

అయితే పురుగుల పనికి కొత్త గుడ్డలు ఎవరు కొంటారు? బ్లీచింగ్ పొడి తగిలితే నెలకే చిల్లులు పడతాయి. మల్బరీ పాలు, పురుగు రెట్ట మరకలు పోవు. అందుకే పాత గుడ్డే సరి. మా వదిన పెళ్ళికి ముందు బెంగళూరులో గార్మెంట్స్‌లో మూడేళ్ళు పని చేసింది. కత్తెర ఆమెది, మిగతా వాళ్ళం దారం ఎక్కించే వాళ్ళం.

మొదట ఇంట్లో ట్రంకు పెట్టె దించాం. ఇంతకు ముందైతే గంప నెత్తిన పెట్టుకుని పాత గుడ్డలకు స్టీలు గిన్నెలు ఇచ్చే ఆమె వచ్చేది. మూడు చీరలు, రెండు ప్యాంట్లు ఇస్తే ఒక చిన్న గిన్నె. ఆ గిన్నె కంటే ఆ చీరల గుడ్డ విలువ ఎక్కువ అని ఇప్పుడు అర్థమైంది. ఇంట్లో చాలకపోతే సంతలో కుప్ప పోసి అమ్మే పాత అంగీలు ఉన్నాయి, బేరం ఆడితే 30, 40 రూపాయలకు వస్తాయి. బెంగళూరు పోయే వాళ్ళుంటే చిక్కపేట దగ్గర బి.వి.కె. అయ్యంగార్ రోడ్డు ఆదివారం బజారులోనూ దొరుకుతాయి.

కుప్పలో గుడ్డ కొనేటప్పుడు అది ఎవరిదో, ఏం పని చేసి విప్పిందో మనకు తెలియదు. ముక్కు దగ్గర పెట్టుకోండి. మందు వాసన, కిరసనాయిలు వాసన, కలరా ఉండల వాసన, గాఢమైన సెంటు వాసన వస్తే వదిలేయండి. దుమ్ము వాసనైతే పరవాలేదు. పొలంలో టమాట కర్రలకు కట్టిన చీర పేలికలు, ఎంత బాగున్నా ముట్టొద్దు. సీజను పొడుగునా మందు తాగినవి అవి. ఏది కొన్నా మొదట వేడి నీళ్ళ సబ్బులో రాత్రంతా నానబెట్టి, ఉతికి, రెండు రోజులు మండే ఎండలో వేశాకే కత్తెర పెట్టాలి. వాసన కోసం వేసే ద్రవాలు ఆఖరి నీళ్ళలో వద్దు.

నూలో కాదో తెలియకపోతే అంచు నుంచి ఒక దారం లాగి అగ్గిపుల్లతో కాల్చండి. నూలైతే కాగితం కాలిన వాసన, బూడిద చేతిలో నలిగిపోతుంది. పాలిస్టరైతే కరిగి నల్ల పూసలా గట్టిపడుతుంది. వెంట్రుక కాలిన వాసన వస్తే, ఆగండి, అది పట్టు. దాన్ని పురుగులింటికి కత్తిరించొద్దు!

మేం నైలాన్ చీరతో కూడా ఒకటి కుట్టి చూశాం. పని జరగదు. షెడ్డులో ఉక్క, ఒళ్ళంతా చెమట, కొమ్మలకు పట్టుకుని దారాలు లేస్తాయి. ఆ చీరలను చీల్చి జడలా అల్లి ఆకు మోపు కట్టే తాళ్ళు చేసుకున్నాం, దానికి భలే పనికొచ్చాయి.

ఇక కుట్టు సంగతి. అన్నిటికంటే సులభమైంది మగవాళ్ళ ఫుల్ చేతుల అంగీని తిరగేసి వాడుకోవడం. తిరగేయడం అంటే లోపలిది బయటికి కాదు, వెనకది ముందుకు. ఆపరేషను గదిలో డాక్టర్లు వేసుకునే గౌను మాదిరి, గుండీల పట్టీ వీపు మీదికి వస్తుంది. ఎందుకంటే కొమ్మల మోపు ఎదకు ఆనిస్తే గుండీలు తగులుకుని ఊడి పురుగుల మీద పడతాయి. మొదట కాలరు కుట్టు విప్పి తీసేయండి, దుమ్మంతా అక్కడే చేరుతుంది. గుండీలు కోసి డబ్బాలో వేసుకోండి, ఆ చోట మూడు జతల బొందులు కుట్టండి. ఇప్పుడు ముందుకు వచ్చేది అంగీ వెనక భాగం కాబట్టి మెడ గొంతుకు పట్టుకుంటుంది, అక్కడ రెండు అంగుళాలు చంద్రవంకలా కత్తిరించి అంచు మడిచి కుట్టాలి.

జేబు తప్పకుండా విప్పేయండి. మా ఇంట్లో దీని మీద ఒక చిన్న యుద్ధమే జరిగింది. జేబు ఉంటే బీడీ కట్ట ఉంటుంది. పొగాకు విషం పురుగుకు పడదు, బీడీ పట్టుకున్న చేతితో ఆకు వేయకూడదని మనందరికీ తెలుసు, అయినా జేబులో ఉంటే చెయ్యి పోతుంది. జేబు లేని అంగీకి ఆ బాధ లేదు. విప్పిన జేబు గుడ్డ మోచేతుల దగ్గర పట్టీకి సరిపోతుంది, ముందు చిరిగేది అదే చోటు.

చేతుల కఫ్ గుండీ తీసేసి సన్న ఎలాస్టిక్ వేయండి. మొదటి అంగీకి మేం బిగువుగా వేసేసి మణికట్టు మీద వాతలు తెచ్చుకున్నాం. రెండు వేళ్ళు దూరేటంత వదులు ఉండాలి. వదులు చేతులైతే పురుగుల మీద రాసుకుంటాయి, పండిన పురుగులు ఏరి చంద్రికల్లో వేసేటప్పుడు మడతల్లో పురుగు ఇరుక్కుంటుంది. రంగు లేతది చూసుకోండి. పిల్లలకు పొట్టి అయిపోయిన తెల్ల యూనిఫారాలు పెద్దవాళ్ళకు రావు గానీ, తల గుడ్డలకు, పట్టీలకు బాగుంటాయి. తెల్ల గుడ్డ మీద మరక కనిపిస్తుంది, అంటుకున్న పురుగూ కనిపిస్తుంది.

చీర మీద వేసుకునే ఆడవాళ్ళకు లుంగీతో చేసే తొడుగు ఇంకా బాగుంటుంది. పాత నూలు లుంగీ 2 మీటర్ల పొడవు, దాదాపు 120 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. గొట్టంలా కలిపిన కుట్టు విప్పి పరవండి. పొడవు వెంబడి సగానికి మడిచి ఆ మడత మీద కత్తిరిస్తే 60 సెంటీమీటర్ల వెడల్పుతో రెండు పట్టీలు. ఒక లుంగీకి రెండు తొడుగులు అన్నమాట. ఒక పట్టీని తీసుకుని అడ్డంగా సగానికి మడిస్తే మీటరు పొడవు అవుతుంది, ఆ మడతే భుజాలు. మడత మీద సరిగ్గా మధ్యలో 10 అంగుళాల వెడల్పుకు బొగ్గుతో గుర్తు పెట్టి మెడ కత్తిరించాలి. వెనక ఒక అంగుళం లోతు, ముందు మూడు అంగుళాలు. మొదట కొంచెం తక్కువే కత్తిరించి తల దూర్చి చూసుకోండి. మా వదిన ఎన్ని సార్లు చెప్పినా వినక మేమొకటి ఒకేసారి కత్తిరించాం, అది భుజం మీద నిలవక జారిపోయింది, ఇప్పుడది ఆకు మీద కప్పే తడిగుడ్డ.

రెండు పక్కలా పై నుంచి 9 అంగుళాలు చేతులకు వదలండి. కింద నుంచి 12 అంగుళాలు నడవడానికి వదలండి. మధ్యలో మాత్రం కుట్టండి. కుట్టుకు రెండు వైపులా అంగుళం చొప్పున పోయినా చుట్టుకొలత 43, 44 అంగుళాలు మిగులుతుంది, రవికె, చీర మీద వదులుగానే వస్తుంది. ఇంకా వెడల్పు కావాల్సిన వాళ్ళు పక్కల్లో నాలుగు వేళ్ళ పట్టీ అతికించుకోవచ్చు. చేతులు కావాలంటే చిరిగిన ఫుల్ అంగీ చేతులు కోసి ఆ 9 అంగుళాల చోట కుట్టండి. మెడకు కోత అంచు అట్లే వదిలితే నూలు ఊడిపోతుంది, మిగిలిన గుడ్డను ఏటవాలుగా పట్టీ కోసి దాన్ని మడిచి కట్టాలి. నేరుగా కోసిన పట్టీ వంపుకు తిరగదు, ముడతలు పడుతుంది.

మిషన్ లేని వాళ్ళు భయపడొద్దు. ఇది పెళ్ళి రవికె కాదు. చేతి కుట్టులోనే ఒక అడుగు ముందుకు, అర అడుగు వెనక్కి వేసుకుంటూ పోతే మిషన్ కుట్టంత గట్టిగా ఉంటుంది, ఒక తొడుగుకు ఒక మధ్యాహ్నం పడుతుంది. మొదటి రెండు జ్వరాలు చాకీ సెంటర్‌లోనే అయిపోతాయి కాబట్టి గుడ్లు బుక్ చేసిన రోజు నుంచి పురుగు ఇంటికి వచ్చేదాకా మనకు ఖాళీ ఉంటుంది. షెడ్డు కడిగి, సున్నం కొట్టి, బ్లీచింగ్ చల్లి మూసిన తర్వాత సూది పట్టుకోవచ్చు. ఐదో దశలో పడితే సూది కాదు గదా, తల దువ్వుకునే తీరిక ఉండదు. పురుగు తినే ఆకులో ఐదింట నాలుగు వంతులు ఆ వారంలోనే కదా పోయేది.

మగవాళ్ళను ఒప్పించేది కుట్టడం కంటే కష్టమైంది. వీపు మీద బొందులు కట్టుకునే అంగీ చూసి మా ఇంటాయన, "ఇది వేసుకుని పోతే ఊళ్ళో నన్ను కాంపౌండరు అంటారు" అన్నాడు. అన్నారు కూడా. పోయిన పంట గుర్తుంది కాబట్టి నవ్వించుకుంటూనే వేసుకున్నాడు. తమ్ముడు మాత్రం ఒక్క మాట అనలేదు. షెడ్డు తలుపు బయట మేకు కొట్టి తన అంగీ తనే తగిలించుకున్నాడు. ఇప్పుడు ఆ గోడకు నాలుగు మేకులు, నాలుగు తొడుగులు. చూడడానికి వచ్చిన చుట్టాలకు కూడా ఒక పెద్ద సైజుది పెట్టాం, పక్కింటి టమాట అన్న వచ్చినా అది వేసుకునే లోపలికి. కొంచెం మొహమాటంగానే ఉంటుంది, ఏం చేద్దాం.

వాడాక ఇవి కూడా ఉతకాలి. మూడు రోజులకొకసారి, ఇంట్లో మిగతా గుడ్డలతో కలపకుండా. బ్లీచింగ్ నీళ్ళలో నానబెట్టి కూర్చోకండి, దారం ముందు కుళ్ళుతుంది, తర్వాత గుడ్డ. వేడి నీళ్ళు, సబ్బు, ఎండ చాలు. పంట దిగాక షెడ్డు శుభ్రం చేసేటప్పుడు మాత్రం ఒకసారి మరిగే నీళ్ళలో వేసి తీస్తాం. దోమల బత్తి కాల్చే గదిలో వీటిని మడిచి పెట్టొద్దు, ఆ పొగ కూడా పురుగుకు విషమే.

మిగిలిన ముక్కలు మా అత్త తీసుకుంది. ఆమె బొంత కుడుతుంది. కింద రెండు నూలు చీరలు, మధ్యలో పేలికలు పరిచి, పైన ఇంకో చీర వేసి, పెద్ద సూదితో చుట్టూ తిరుగుతూ లోపలికి లోపలికి కుట్టుకుంటూ పోతుంది. ఆమె పని చేస్తూ ఒక మాట అడిగింది: మనం పెంచే పురుగు నూలుతో ఎవరో చీరలు కడుతున్నారు, మనం మాత్రం వాళ్ళు వదిలేసిన అంగీలు కొంటున్నామా అని. నిజమే. జపానులో రేష్మె రైతులు ఒకప్పుడు అమ్ముడుపోని జంట గూళ్ళను ఇంట్లోనే వడికి, ఆ ముడుల నూలుతో సుముగి అనే గుడ్డ నేసుకుని కట్టేవాళ్ళు. పట్టు కట్టకూడదని కట్టడి ఉన్న కాలంలోనూ అది చూడడానికి నూలులా ఉండేది కాబట్టి చెల్లిపోయేదట. మన జంట గూళ్ళు మార్కెట్లో అడిగిన రేటుకు తోసేసి వస్తున్నాం. అత్త మాటకు మా దగ్గర జవాబు లేదు. దాని గురించి తెలిసిన వాళ్ళెవరైనా ఉంటే గ్రూపులో రాయండి.

లుంగీ తొడుగు కొలతలు అర్థం కాకపోతే వాయిస్ మెసేజ్ పెట్టండి, వదిన సాయంత్రం ఏడు తర్వాత జవాబిస్తుంది. మాకు శుక్రవారం చాకీ వస్తుంది. సంతలో తెచ్చిన రెండు అంగీలు ఇంకా నానుతున్నాయి, రేపు ఎండ బాగుంటే ఆరేసి ఎల్లుండి కత్తెర పెడతాం.